ఒడి దులుపుడు

మనవరాలు బడి నుంచి వస్తూనే సంచీ ఒక మూల పడేసి నా పక్కన కూలబడింది. ఎనిమిదో తరగతి. ఇప్పుడు వాళ్ళకు వారానికోసారి విలువల పాఠం అని ఒకటి చెబుతున్నారట. ఇంట్లో పెద్దవాళ్ళు చిన్నప్పుడు చేసిన మంచి పని ఒకటి అడిగి తెలుసుకుని రావడం ఈ వారం ఇంటిపని.

"నానమ్మా, జల్ది చెప్పు. నువ్వు బళ్ళె ఉన్నప్పుడు చేసిన మంచి పని. మళ్ళ నాకు ట్యూషన్ ఉంది."

బతుకంతా పంతులమ్మగా పనిచేసి, పిల్లలకు నీతులు చెప్పి జీతం తీసుకున్నదాన్ని. ఒక్క మంచి పని చెప్పడానికి నోరు పెగల్లేదు. చివరికి, గూట్లోంచి పడ్డ పిచ్చుక పిల్లకు నీళ్ళు పట్టానని ఒక అబద్ధం అల్లి పంపేశాను. విలువల పాఠానికి అబద్ధం! నా సంబడానికి నాకే నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు కిటికీ దగ్గర కూర్చుండిపోయాను.

నిజానికి నేను బళ్ళో ఉన్నప్పుడు ఒక మంచి పని చేశాను. తరగతి మొత్తం చప్పట్లు కొట్టింది. మా సారు అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఊళ్ళో అందరికీ తెలుసు, కాబట్టి ఇది కొత్తగా ఒప్పుకునే తప్పేమీ కాదు. అందరూ శభాష్ అన్న పని అది. అదే నా బాధ. ఎవరైనా అప్పుడే రెండు అంటించి ఉంటే ఆ దెబ్బలతో పోయేది.

అప్పట్లో మా ఇల్లు ఆర్మూరు చివర ఉండేది. వెనక తలుపు తీస్తే చేన్లే. చలి విరిగే రోజుల్లో ఊరంతా ఒకటే వాసన. కోసి పడేసిన పసుపు ఆకు, తవ్విపోసిన పచ్చి మట్టి, కొప్పెరల్లో ఉడుకుతున్న పసుపు ఆవిరి, అన్నీ కలిసి ఉతికిన బట్టలకు పట్టేది, అన్నం మెతుకుకూ పట్టేది. బయటి నుంచి వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని రోజు ఇంట్లో మనిషి ఎవరో ఊరెళ్ళినట్టు ఉండేది. ఎండిన పసుపును బేరగాళ్ళ అడ్తి దుకాణాలకు తోలే బండ్లు రోడ్డు పొడుగునా వరసగా పోయేవి. మేము బడికి పోతూ ఆ బండ్ల వెనక వేలాడేవాళ్ళం. బండి మనిషి చూడకుండా బస్తా చిరుగులో వేలు పెట్టి ఒక కొమ్ము లాగి, దారిలో ఉన్న గోడలన్నిటి మీదా పచ్చటి గీతలు గీసేవాళ్ళం. చూసినవాళ్ళు "ఓ కోతి పిల్లలూ!" అని అదిలించేవారే తప్ప, దొంగలని ఎవరూ అనలేదు. కాపోళ్ళ పిల్లలు లాగితే అది ఆట.

నేను హైస్కూలుకు పోవడమే మా వాడకట్టులో ఒక వింత. ఆడపిల్లకు అయిదో తరగతి అయితే చాలు, ఉత్తరం చదవడం వస్తే చాలు అనేవారు. మా నాయనమ్మ మాత్రం పట్టు పట్టింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. బహుశా అందుకే పట్టు పట్టింది. నాయన ఒక షరతు పెట్టాడు: పిల్ల ఒంటరిగా పోవద్దు.

దానికి నాయనమ్మే ఒక ఉపాయం చేసింది. మా చేన్లలో ఏళ్ళ తరబడి పనిచేసే ఒకామె ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమె మొగుడు పోయాడు, ఉన్నది ఒక్క బిడ్డ. ఆ పిల్ల నాకంటే ఏడాది పెద్దది, అయిదు వరకూ చదివి, తల్లితో పాటు కూలికి దిగింది.

"మా పిల్లకు తోడు పంపరాదే," అంది నాయనమ్మ. "పుస్తకాలు, బట్టలు నేను చూసుకుంట."

పెద్దమ్మ కాసేపు ఆలోచించింది. బిడ్డ కూలి పోతే ఇంట్లో ఒక చెయ్యి తగ్గినట్టే. "సరేనమ్మా," అంది చివరికి. "మన గాచారం గిట్లనన్న బాగుపడ్తదేమో చూద్దాం."

అలా నా చదువుకు తోడుగా ఆమె చదువు సాగింది. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. నా సంచి నేను మోసేదాన్ని కాదు, అక్కే మోసేది. ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయింది. లెక్కల్లో అక్క చురుకు. నేను బుర్ర గోక్కుంటుంటే నా పలక లాక్కుని చకచకా చేసి, చెరిపేసి, "ఇగ నువ్వు చెయ్యి" అనేది. మధ్యాహ్నం బడి వెనక గోడ చాటున ఇద్దరం సద్దులు విప్పేవాళ్ళం. మా ఇంటి పప్పన్నం అక్కకు, వాళ్ళ ఇంటి జొన్నరొట్టె ఎర్రకారం నాకు. ఇది ఇంట్లో తెలిస్తే నాయన చర్నకోల తీసేవాడు. తెలియనివ్వలేదు. ఎర్రకారానికి ముక్కు కారుతుంటే అక్క తన కొంగుతో తుడిచేది. "సారు చెప్పిండు, నేను పదిల పాసయితె టీచర్ ట్రైనింగ్ అయితదట," అని ఒకరోజు రొట్టె తుంచుతూ అంది. అంతకుముందు ఆ మాట ఎవరితోనూ అనలేదని నాకు తెలుసు.

మా చేన్లో ఒక పద్ధతి ఉండేది. మా చేన్లోనే కాదు, ఆ చుట్టుపక్కల అంతటా ఉండేది. మగవాళ్ళు పసుపు గడ్డ తవ్వి తిప్పేస్తే, ఆడవాళ్ళు కూర్చుని మట్టి దులిపి, తల్లి గడ్డ అయిన గోళ నుంచి కొమ్ములు విరిచి కుప్ప పోసేవారు. పొద్దు గూకేటప్పుడు లేస్తూ, విరిగిన ముక్కలు నాలుగు ఒడిలో వేసుకుని చీర బొడ్లో దోపుకునేవారు. ఏడాది పొడుగునా కూరలోకి అదే, పండగకు గడపకు రాసేదీ అదే. ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ ఇచ్చేవారు కాదు. సరిగ్గా ఆ వేళకు నాయనమ్మ ఏదో ఒక పని కల్పించుకుని అటు తిరిగేది. ఎడ్లను అదిలించేది, లేదా చెంబులో నీళ్ళు లేవని గొణిగేది.

నేను చిన్నప్పుడు ఒకసారి ఆ ఒడుల వైపు వేలు చూపిస్తే నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "పొద్దుగూకంగ ఆడోళ్ళ ఒళ్ళ దిక్కు చూడద్దే. కండ్లు పోతయి."

కండ్లు పోతాయని నమ్మాను. చాలా ఏళ్ళు చూడలేదు.

నేను తొమ్మిదిలోకి వచ్చిన ఏడాది మా బడికి కొత్త సారు వచ్చాడు. కృష్ణా గట్టు దిక్కు మనిషి. "ఏమండీ, కూర్చోండి" అని పిల్లలను కూడా అండీ అనేవాడు. మొదట్లో నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. అప్పటిదాకా మాకు తెలిసిన సార్లు రెండు రకాలు: బెత్తంతో కొట్టేవారు, చేత్తో కొట్టేవారు. ఈయన ఎవరినీ కొట్టలేదు. తన బట్టలు తనే ఉతుక్కునేవాడు, తన గది తనే ఊడ్చుకునేవాడు. జక్రాన్‌పల్లి నుంచి, భీమ్‌గల్ నుంచి వచ్చి గదులు తీసుకుని వండుకునే పిల్లలకు జ్వరమొస్తే రాత్రీ పగలూ కూర్చుని గంజి కాచి పోసేవాడు. ఇప్పుడు కూడా ఆయన మీద చిన్నమాట పడనివ్వను. చాలా మంచి మనిషి. మంచి మనిషి కాబట్టే మేమంతా ఆయన మాట విన్నాం.

శనివారం చివరి పీరియడ్‌ను ఆయన నీతి పాఠంగా మార్చాడు. పుస్తకం ఉండేది కాదు. ఆ వారం మనం చేసిన మంచి పని ఒకటి లేచి నిలబడి చెప్పాలి. అందరిలోకీ మంచిది చేసినవారికి వచ్చే వారమంతా బడి గంట కొట్టే అవకాశం. గంట అంటే వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాని పక్కన ఒక ఇనుప సుత్తి. అప్పటిదాకా దాన్ని ముట్టుకునే హక్కు అటెండరుకు తప్ప ఎవరికీ లేదు. ఆ గంట కోసం పిల్లలు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఇద్దరు పోరగాళ్ళు మేకపిల్లను గుంటలోకి తోసి, పైకి తీసి, మూగజీవిని కాపాడామని చెప్పారు. ఒకడు అంగడిలో కళ్ళు కనబడని ముసలాయన్ను బలవంతంగా రోడ్డు దాటించాడు. ఆయన పోవలసింది ఇటు పక్కనేనట, దారి పొడుగునా తిట్టాడట. సారు మాత్రం అందరి మాటలూ చిరునవ్వుతో వినేవాడు.

నాకు ఒక్కసారీ గంట రాలేదు. ఆవుకు కుడితి పెట్టానంటే, "అది రోజూ చేసే పని కదమ్మా" అన్నాడు. తమ్ముడికి నా పాలు ఇచ్చానంటే వెనక బెంచీ నుంచి ఎవడో "దానికి పాలంటె వాంతి సార్!" అని అరిచాడు. నిజమే, ఆ వాసనకు నాకు కడుపులో తిప్పేది. ఆడపిల్ల గంట కొట్టడం అప్పటికి జరగలేదు. ఆ సుత్తి ఒక్కసారి నా చేతికి రావాలి. అదొక్కటే నా ధ్యాస.

ఒక శనివారం సారు దొంగతనం గురించి చెప్పాడు. చిన్నదైనా పెద్దదైనా, అడగకుండా తీసుకున్నది దొంగతనమే అన్నాడు. చూసి ఊరుకున్నవాడికి అందులో సగం పాపం ఉంటుంది అన్నాడు. ఆ సగం పాపం అన్న మాట నా బుర్రలో మేకులా దిగింది.

ఆ తర్వాతి శుక్రవారం బడి నుంచి వచ్చి చేనుకు పోయాను. అక్క ఇంటి దగ్గర వంటకు ఆగిపోయింది. నాయనమ్మ అప్పటికే ఇంటికి బయలుదేరింది. ఆడవాళ్ళు లేచి నడుములు సరిచేసుకుంటున్నారు. నేను ఆ రోజు వాళ్ళ ఒడుల వైపు చూశాను. ముందు వరసలో పెద్దమ్మ.

"పెద్దమ్మా, ఒళ్ళ ఏం పెట్టుకున్నవు?"

ఆమె నవ్వింది. "ఏముంటదె బిడ్డా? నాలుగు ఇరిగిన కొమ్ములు."

"అడగకుంట తీసుకుంటె దొంగతనం అయితది. మా సార్ చెప్పిండు."

పక్కనున్న వాళ్ళు కూడా నవ్వబోయారు. నేను నవ్వడం లేదని చూసి ఆగిపోయారు. పెద్దమ్మ నా ముఖంలోకి చూసింది. తర్వాత ఒడి విప్పి, ముక్కలన్నీ కుప్ప మీద పోసింది. అరచేతులు దులుపుకుంది.

"మంచిగ చెప్పినవు బిడ్డా," అంది.

ఆమె వెనకే మిగతా వాళ్ళూ ఒక్కొక్కరే పోసి పోయారు. అన్ని ఒడులు పోసినా ఆ కుప్ప పెరిగినట్టే కనబడలేదు. నేను మాత్రం ఇంటికి ఎగురుకుంటూ వచ్చాను. రేపు చెప్పడానికి నాకు మంచి పని దొరికింది.

శనివారం నా వంతు వచ్చేదాకా కాళ్ళు నిలవలేదు. లేచి గడగడా చెప్పేశాను. మా చేన్లో పనిచేసే ఒకామె పసుపు తీసుకుంటుంటే చూశానని, చూసి ఊరుకోలేదని, ఆమె చేత వెనక్కి పెట్టించానని, ఆమె కూడా నేను మంచిగా చెప్పానని ఒప్పుకుందని.

సారు కళ్ళు మెరిశాయి. "ఎవరో చెప్పనవసరం లేదమ్మా," అన్నాడు. "మనం తప్పును చూడాలి, మనిషిని కాదు."

ఆయన చెప్పనక్కరలేదన్నాడు కానీ, తరగతిలో సగం మంది మా వాడకట్టు పిల్లలే. మా చేన్లో ఎవరు పనిచేస్తారో అందరికీ తెలుసు. ఒక్కొక్క తలా వెనక్కి తిరిగింది. ఆడపిల్లల బెంచీ చివర కూర్చున్న అక్క వైపు. ఎవడో కిసుక్కుమన్నాడు. నాకు అప్పుడు తట్టింది, నేను చెప్పింది ఎవరి గురించో. మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ క్షణం దాకా నా కళ్ళ ముందు సుత్తే ఉంది గాని పెద్దమ్మ లేదు, అక్క అసలే లేదు.

అక్క లేచి నిలబడింది.

"గా ఆమె మా అమ్మనే సార్."

సారు ఆమె వైపు తిరిగాడు. "చూశారా? నేను ఇన్నాళ్ళూ మీకు చెప్పింది ఇదే. సత్యం చెప్పడానికి ఈ అమ్మాయి సొంత తల్లిని కూడా దాచలేదు. ఇంతకంటే ధైర్యం ఏముంటుంది? అందరూ చప్పట్లు కొట్టండి."

అందరూ కొట్టారు. వెనక బెంచీల వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు. నేనూ కొట్టాను. అక్క తల వంచుకుని, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. కూర్చోమని ఎవరైనా అనేదాకా కూర్చోకూడదని సారే నేర్పాడు. ఆయన ఆ మాట మరిచిపోయాడు.

"ఈ వారం గంట మీ ఇద్దరిదీ," అన్నాడు సారు.

"నాకద్దు సార్," అంది అక్క. "చెల్లెనే కొడ్తది."

ఇంటికి పోయేటప్పుడు రోజూలాగే నా సంచి అక్కే మోసింది. బండ్లు పోతున్నా మేము వేలాడలేదు. చాలా దూరం నడిచాక, "కోపమొచ్చిందా అక్కా?" అని అడిగాను.

"ఎందుకొస్తది? నువ్వు నిజమే చెప్పినవు గద. నేను గూడ నిజమే చెప్పిన."

వాళ్ళ వాడ మలుపు దగ్గర సంచి నా భుజానికి తగిలించింది. "సోమారం నేను రాను చెల్లె. నువ్వు ఎవరినన్న తోడు చూసుకో," అంది.

ఆదివారం పొద్దు గూకే వేళ చేన్లో ఆడవాళ్ళు ఇళ్ళకు పోలేదు. నాయనమ్మ ఎప్పటిలాగే అటు తిరిగి ఎడ్లను అదిలిస్తోంది. వాళ్ళు ఆమె ముందుకు వచ్చి వరసగా నిలబడ్డారు. పెద్దమ్మ ముందుకొచ్చి తన ఒడి విప్పి దులిపింది. మట్టి రాలింది.

"చూడమ్మా. ఏం లేదు," అంది. మిగతా వాళ్ళూ అలాగే దులిపారు. వాళ్ళు పోయాక నాయనమ్మ నన్ను పిలిచింది. నేను జరిగింది చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను, గంట గురించి కూడా చెప్పాను.

కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. "గిదెవరు నేర్పిండ్రే నీకు?" అంది.

"సారు."

"మరి నేను నేర్పింది యాడ పోయిందే?"

ఆమె నాకు ఏదో నేర్పిందని కూడా నాకు అప్పటిదాకా తెలియదు. కండ్లు పోతాయని భయపెట్టిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే నాయనమ్మ మంచి కొమ్ములు ఏరి తన ఒడిలోనే పోసుకుని, నా చెయ్యి పట్టుకుని పెద్దమ్మ ఇంటికి బయలుదేరింది. మా ఇంటి ఆడవాళ్ళు ఆ వాడకు పోవడం ఎవరూ చూసి ఉండరు. పెద్దమ్మ అరుగు తుడిచి, పాత గోనెపట్టా పరిచింది. నాయనమ్మ కూర్చోకుండానే ఒడి చూపించింది. "పట్టుకోవే. పోరి తెలివి లేక అన్నది. పిల్లను బడికి తోలు."

పెద్దమ్మ చేతులు ముందుకు రాలేదు. "ఇన్నొద్దులు మేం తీసుకున్నం, మీరు చూడలేదు. మా బతుకు సల్లగ నడిచింది," అంది. "ఇప్పుడు మీరిచ్చి నేను పట్టుకుంటె, అది దొంగతనమే అయ్యుండెనని ఒప్పుకున్నట్టు గాదా అమ్మా?"

"పిల్ల చదువన్న ఆపకే."

"నేను ఆపలేదమ్మా. అదే పోనంటున్నది. బెంచీల అందరు కొట్టిన చప్పట్లు చెవులల్లకెల్లి పోతలెవ్వట."

అక్క లోపల పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. నాయనమ్మ ఒడిలోని పసుపుతోనే వెనక్కి నడిచింది.

ఆ పొద్దున నేను బడికి ఆలస్యంగా పోయినా, మధ్యాహ్నం గంట నేనే కొట్టాను. ఇది కూడా చెప్పాలి. సుత్తి ఎత్తి పట్టా మీద వేస్తే ఖంగుమని ఆ శబ్దం గుట్ట దాకా పోయి తిరిగొచ్చింది. నా మోచేయి దాకా జివ్వుమంది. పిల్లలంతా నా చేతి దెబ్బకు లేచి బయటికి పరుగెత్తారు. నాకు సంతోషం కలిగింది. అక్క ఇంటి పొయ్యి దగ్గర తల వంచుకుని కూర్చోవడం పొద్దున్నే చూసి వచ్చాను, అయినా సంతోషం కలిగింది. నన్ను నేను దేనికైనా క్షమించుకుంటానేమో గాని ఆ సంతోషానికి మాత్రం కాదు.

వారం తిరిగేలోగా సారు మా ఇంటికి వచ్చాడు. నాయనమ్మ మజ్జిగ ఇచ్చింది. "ఆ అమ్మాయి ఎందుకు రావట్లేదో నాకు అర్థం కావడం లేదు అమ్మగారూ," అన్నాడు. "నేను తిట్టలేదు. అందరి ముందూ మెచ్చుకున్నాను."

"మెచ్చుకున్నవు సారూ. గదే ఆ పిల్లకు తగిలింది."

"మరి తప్పును తప్పు అనకూడదా?"

నాయనమ్మ చెప్పలేక కొంత తడబడింది. ఆమెకు వాదించడం రాదు. "మేం చేతికిస్తె బిచ్చమైతది సారూ. అందుకే అటు తిరుగుతం. గంతే. మాకు గింతకంటె తెల్వదు."

సారు గ్లాసు కింద పెట్టాడు. అప్పటికప్పుడు లేచి ఆ వాడకు నడిచాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అయింది. ధోవతి కట్టిన బడిపంతులు వీధిలోకి వచ్చి ఫలానా వాళ్ళ ఇల్లు ఏదని అడిగేసరికి, పసుపు దొంగతనం విచారణకు వచ్చాడని వాడంతా గుప్పుమంది. పెద్దమ్మ బిడ్డను తీసుకుని వెనక దొడ్డి దారిన చుట్టాల ఇంటికి పోయింది. సారు మూసిన తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడట. ఆ శనివారం నీతి పాఠం జరగలేదు. సుత్తి మళ్ళీ అటెండరు చేతికి పోయింది. ఏడాది చివర ఆయన బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మా నాయనకు ఈ సంగతి అడ్తి దుకాణంలో తెలిసింది. నలుగురూ చుట్టూ చేరి, "నీ బిడ్డ మస్తు హుషారున్నదే! పంతులే శభాష్ అన్నడట!" అని పొగిడారు. నాయన మీసాల చాటున నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. మర్నాటి నుంచి పొద్దు గూకే వేళకు తనే చేను గట్టు మీద నిలబడడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ రోషంతో ఒకరోజు దులిపిన ఒడి, నాయనకు రోజూ దులపవలసిన ఒడి అయింది.

"నీ తాత నాటి నుంచి లేనిది గీ పని నువ్వెందుకు పెడ్తున్నవురా?" అని నాయనమ్మ పోట్లాడింది.

"బళ్ళె నేర్పేది తప్పయితదానే అవ్వా? పిల్లకున్న బుద్ధి మనకుండద్దా?" అన్నాడు నాయన.

ఆమె ఓడిపోయింది. పక్క చేను వాళ్ళు చూశారు, వాళ్ళూ పెట్టారు. తర్వాతి ఏడాదికి ఏర్గట్ల దాకా ఆడవాళ్ళు గట్టు మీద వరసగా నిలబడి ఒడులు దులిపి ఇళ్ళకు పోతున్నారని విన్నాను. పసుపు తవ్వే చేతులు గడపకు రాయడానికి కిరాణా దుకాణంలో పసుపు పొట్లం కొనుక్కోవడం మొదలైంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఈ పాపంలో ఎవరి పిడికెడు ఎంతో నాకు తెలియదు. మొదటి పిడికెడు నాది.

నా చదువు ఆగలేదు. మా జీతగాడు ఒక ముసలాయన నాకు తోడు వచ్చేవాడు, నా సంచి ఆయన మోసేవాడు. లెక్కలు మాత్రం ఎవరూ చేసి చూపలేదు. కిందా మీదా పడి పది పాసయ్యాను. టీచర్ ట్రైనింగ్ అయింది. అక్క చెప్పిన ఆ ట్రైనింగే. ఆమె పోవలసిన దారిలో నేను నడిచి పోయాను. ఈ లోపల అక్కకు దగ్గరలోనే పెళ్ళయింది. పెద్దమ్మ దగ్గు పట్టి పోయింది. నేను చూడడానికి పోలేదు. ఏ ముఖం పెట్టుకుని పోతాను?

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజులు. సెలవుకు ఇంటికి వచ్చాను, పసుపు తవ్వకం నడుస్తోంది. నాయనకు జ్వరం. నాయనమ్మ అప్పటికి లేదు. "జర గట్టు మీద నిలబడి రా బిడ్డా. నిలబడకపోతె ఖరాబయితరు," అన్నాడు నాయన మంచం మీది నుంచి. కాదనలేక చేనుకు పోయాను. పొద్దు గుట్ట వెనక్కి దిగుతోంది. ఆడవాళ్ళు లేచి వరసలో వస్తున్నారు. ఒక్కొక్కరూ నా ముందు ఆగడం, ఒడి విప్పడం, దులపడం, చూసినట్టు నేను ఒక మాట అంటేనే పోవడం.

వరసలో నాలుగైదుగురి తర్వాత అక్క. చంకలో పిల్ల. ముఖం ఎండకు కమిలిపోయింది. నేను గుర్తుపట్టాను, ఆమె గుర్తుపట్టింది. నాయనమ్మలా గిర్రున అటు తిరిగి, ఎడ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. పోతుందిలే అనుకున్నాను.

పోలేదు. నా వెనక నిలబడే ఉంది. చంకలో పిల్ల ఏడుస్తోంది.

"ఇటు చూడమ్మా," అంది.

నన్ను ఆమె అమ్మా అనడం అదే మొదలు. నేను తిరగలేదు. "నేను చూడను అక్కా. నువ్వు పో," అన్నాను.

"గట్లనద్దు. నువ్వు చూడకుంట పంపినవని అందరు చూస్తున్నరు. రేపు కుప్ప జర తక్కువున్నా నా మీదికే వస్తది. పిల్ల ఏడుస్తున్నది, జల్ది చూడు."

తిరిగాను. ఆమె పిల్లను భుజం మీదికి సర్దుకుని, ఒంటిచేత్తో ఒడి విప్పి నా ముందు దులిపింది. మట్టి నా కాళ్ళ మీద పడింది. తర్వాత నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. కోపంతో కాదు. నేను ఆ మాట అంటే తప్ప పోవడానికి లేదు కాబట్టి.

"సరే, పో," అన్నాను.